మూడో పేరు

రాయచూరు పక్కనున్న చిక్కసూగూరుకు కృష్ణా నది దగ్గరే. ఏరు దాటితే తెలంగాణ. 1956 అక్టోబరు ఆఖరు దాకా ఈ ఒడ్డూ ఆ ఒడ్డూ హైదరాబాద్ రాష్ట్రమే. నవంబరు 1న రాయచూరు మైసూరులోకి, తెలంగాణ ఆంధ్రప్రదేశ్‌లోకి పోయాయి. ఆ నెలాఖరులోనే మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఫుట్‌బాల్ మొదలైంది. మన జట్టులో హైదరాబాదీలు గుంపుగా ఉన్నారు. వాళ్లను పెంచిన రాష్ట్రం మాత్రం అప్పటికే పటంలో లేదు.

ఆ గుంపులో ఇరవయ్యేళ్ల కుర్రాడు తులసీదాస్ బలరాం. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ. బూట్లు కొనే స్తోమత లేదు. పాత పోలీసు బూట్ల తోలుతో మోచీ చేత రెండు రూపాయలకు ఆట బూట్లు కుట్టించుకున్నానని ఆయనే చెప్పుకునేవారు. హైదరాబాద్‌కు వచ్చి సాధన చెయ్యమంటే, అంతదూరం రాలేనన్నాడట. సైకిల్ అద్దెకు డబ్బులిచ్చింది కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిపించిన రహీం సాబ్ అంటే అప్పట్లో మాటలా!

1957లో బలరాం కలకత్తా చేరి ఈస్ట్ బెంగాల్‌కు ఆడసాగాడు. ఆట ఉన్నది అక్కడే, డబ్బూ అక్కడే, పొగడ్తా తిట్టూ కూడా అక్కడే. ఫార్వర్డ్ వరుసలో ఎక్కడ నిలబెడితే అక్కడ ఆడేవాడు. నాకనిపిస్తుంది, ఆ మంచితనమే ఆయన్ను కాస్త మరుగున పడేసిందని. పీకే బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం అని ముగ్గురినీ త్రిమూర్తుల్లా చెప్పేవారు. చెప్పినప్పుడల్లా ఈయన పేరు చివరే.

1960 రోమ్ ఒలింపిక్స్. హంగరీ 2-0తో ముందుంది. 79వ నిమిషంలో బలరాం ఒక గోల్ కొట్టాడు. ఆ తర్వాత చివరి నిమిషాలు హంగరీకి హాయిగా గడవలేదు. 2-1తో గట్టెక్కిన ఆ జట్టే చివరికి కాంస్యం పట్టుకెళ్లింది. రెండేళ్లకు జకార్తా ఆసియా క్రీడలు. థాయిలాండ్ మీద ఒకటి, జపాన్ మీద ఒకటి బలరాం గోల్స్. ఫైనల్లో స్టేడియమంతా మన మీద అరుస్తుంటే దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారం తెచ్చారు. ఆ ఏడే ఆయనకు అర్జున అవార్డు వచ్చింది. అక్కడి నుంచి పైకి మెట్టు లేదు.

ఆటగాడి పతనమంటే తాగుడో పేకాటో వెతకడం మనకు అలవాటు. ఇక్కడ అలాంటిదేమీ లేదు. 1963లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే జట్టుకు మారాడు, రైల్వే ఉద్యోగం. ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంది. మైదానం ఈ కొస నుంచి ఆ కొసకు పరిగెత్తే మనిషికి ఊపిరే అడ్డం తిరిగింది. ఇరవయ్యేడేళ్లకే బూట్లు విప్పేశాడు. అదే ఏడు జూన్‌లో రహీం సాబ్ పోయారు. ఆయన్ను తీసుకుపోయిందీ ఊపిరితిత్తుల జబ్బే, క్యాన్సర్. గురువూ శిష్యుడూ ఒక్క ఏడాదిలో మైదానానికి దూరమయ్యారు. హైదరాబాద్ ఫుట్‌బాల్ ఆ దెబ్బ నుంచి మళ్లీ తేరుకోలేదు.

తర్వాతి అరవై ఏళ్లు ఎక్కువగా బెంగాల్లోనే, చివరికి హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పారాలో. పెళ్లి చేసుకోలేదు. పిల్లలకు ఆట నేర్పారు, కొత్తవాళ్లను ఏరి పట్టారు. చునీకి 1983లో, పీకేకు 1990లో పద్మశ్రీ వచ్చింది. బలరాంకు రాలేదు. ఆ మాట ఎత్తితే ఆయన గొంతులో చేదు దాగేది కాదు, దాచాల్సిన అవసరమూ లేదు.

2020లో నెల తేడాతో పీకే, చునీ వెళ్లిపోయారు. 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో బలరాం, 86 ఏళ్లకు. రోమ్ తర్వాత భారత్ ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మళ్లీ కాలు పెట్టలేదు. ఆ రోమ్ క్రీడల్లో మనవాళ్ల ఆఖరి మ్యాచ్ పెరూతో, 3-1తో ఓడాం. ఆ ఒక్క గోల్ బలరాందే.