ఏలూరిసీమ సూత్రధారుడు: ఎల్. వి. ప్రసాదు

నాట్యశాస్త్రమున సూత్రధారునకు రెండు ధర్మములు గలవు. ప్రయోగమునంతయు నడపువాడు నతడే. ప్రస్తావనయందు రంగమున బ్రవేశించి నటించువాడు నతడే. ఈ రెండును సమముగా గుదిరిన వారరుదు. అట్టివారిలో నొకడు ఏలూరిసీమయందు జన్మించిన అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు. చలనచిత్రములందు ఎల్. వి. ప్రసాదని ప్రసిద్ధుడు.

ఈయన జన్మస్థానము ఏలూరునకు జేరువనున్న సోమవరప్పాడు. జన్మదినము 1908 జనవరి 17. నాడీ ప్రాంతము కృష్ణామండలములోనిది. 1925లో పశ్చిమ గోదావరి మండలమునను, 2022లో ఏలూరు జిల్లాయందును జేరినది. దక్షిణమున కొల్లేరు, చుట్టును వరిపొలములు గల యా సీమలో సంచార నాటకసమాజములు గ్రామగ్రామమునకు వచ్చుచుండెడివి. ఏలూరి తాత్కాలికశాలలలో మూగచిత్రములు చూపబడుచుండెడివి. బాలుడైన ప్రసాదు వీనియందు దగిలి, స్థానిక నాటకములందు చిన్నపాత్రలు ధరించెను. తండ్రికి ఋణబాధ ముదిరి కుటుంబగౌరవమునకు హాని కలుగగా, నటనయే జీవికయని నిశ్చయించి, యింట జెప్పకయే బొంబాయికి వెడలిపోయెను.

అచ్చట మొదట జిన్నపనులు చేసి, పిదప ఇంపీరియల్ సంస్థయందు బ్రవేశించెను. 1931 మార్చి 14న వెలువడిన హిందీ 'ఆలం ఆరా', తరువాతి 'కాళిదాసు', తెనుగు 'భక్త ప్రహ్లాద' - ఈ మూడు తొలి మాటలచిత్రములందును ఈయన చిన్నపాత్రలు ధరించెను. మూడు భాషల వాక్చిత్రములు పుట్టినపుడు మూటను నిలిచిన నటుడీయన.

ఇచ్చట నొక కాలనిర్ణయము విచార్యము. 'భక్త ప్రహ్లాద' 1931 సెప్టెంబరు 15న వెలువడెనని చిరకాలము వ్రాయుచువచ్చిరి. పరిశోధకులు నాటి పత్రములను శోధింపగా, 1932 జనవరి 22న సెన్సారు ముద్ర పడినదనియు, ఫిబ్రవరి 6న బొంబాయి కృష్ణా సినిమాయందు విడుదలయయ్యెననియు దేలినది. 'కాళిదాసు' వెలువడినది 1931 అక్టోబరు 31. కావున అది పూర్వము, ప్రహ్లాద పరము. ఇది మనకు లాఘవమని కొందఱకు దోచవచ్చును. కాని ప్రాచీనత కోరి తేదీని వెనుకకు జరుపుట చరిత్ర గాదు. పైగా 'కాళిదాసు'నందు అరవముతోబాటు తెనుగుమాటలును వినబడినవి. తేదీ సవరింపబడినంత మాత్రమున మనకు బోయిన దేదియు లేదు.

బొంబాయిలో పృథ్వీ థియేటర్సు వారి పరిచయమున నాటకాభినయవాంఛ దీర్చుకొని, 'గృహప్రవేశము' (1946) నకు ప్రసాదు దర్శకుడును నాయకుడును నయ్యెను. గూడవల్లి రామబ్రహ్మము గతింపగా 'పల్నాటి యుద్ధము' (1947) ను బూర్తిచేసెను. 'మనదేశము' (1949) లో నందమూరి తారక రామారావును తెరకు బరిచయము చేసెను. 'షావుకారు' (1950), 'సంసారము' (1950), 'పెళ్లి చేసి చూడు' (1952), 'మిస్సమ్మ' (1955) గృహజీవనమును వస్తువుగా గొన్నవి.

ఈ చిత్రములలోని వాడుకమాట శబ్దశాస్త్రమునకు విరుద్ధమని యాక్షేపించువారు గలరు. ఆ యాక్షేపము నిలువదు. భరతముని రాజునకు సంస్కృతమును, స్త్రీలకు ప్రాకృతమును విధించెను. పాత్రభేదముననుసరించి భాషాభేదము శాస్త్రసమ్మతమే. 'షావుకారు'నందలి పల్లెటూరి గృహస్థు గ్రాంథికము పలికినచో ననౌచిత్యమే యగును. మాట లల్లినది చక్రపాణి. వానిని నటులచే నుచితముగా బలికించినది ప్రసాదు. చిన్నపాత్రలు ధరించి వాచికాభినయమును తొలుత దా నభ్యసించినవాడు గనుకనే యన్యులకు నేర్పగలిగెను.

1956లో స్వీయనిర్మాణసంస్థ స్థాపించి, హిందీయందు 'శారద' (1957), 'ఛోటీ బహన్' (1959) చిత్రములకు దర్శకత్వము వహించెను. 1982 సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము నందెను. హైదరాబాదులో నీయన విరాళముతో వెలసిన నేత్రవైద్యాలయ మీయన పేరనే యున్నది. 1994 జూన్ 22న మరణించెను.

1931లో ముఖమునకు రంగు వేసికొన్న యీ నటుడు, దర్శకుడుగా విఖ్యాతుడైన పిమ్మటను, 1981లో 'రాజ పార్వై' యను అరవచిత్రమున వృద్ధుని పాత్ర ధరించెను. నడుమ నేబదేండ్లు గడచినవి. ప్రయోగమును నడపినవాడు రంగమును విడువలేదు. ఏలూరిసీమ చరిత్ర వ్రాయువారు శాసనములతోబాటు ఈ నటుని జీవితమును గూడ నందు జేర్చుట యుచితము.