పోరులో కాలము ఎవరిది?

పాత్రధారణ వీడియో క్రీడలలో ఆటగాడు ఒక కథలోని వీరుని పాత్ర వహించి, శత్రువులతో పోరాడుచు కథను ముందుకు నడుపును. ఇట్టి వానిలో జపాను దేశమున పుట్టిన ‘ఫైనల్ ఫాంటసీ’ పరంపర సుప్రసిద్ధము. స్క్వేర్ సంస్థలో హిరోనోబు సకగుచి 1987లో దీనికి శ్రీకారము చుట్టెను. 2023 నాటికి పదునారు ప్రధాన క్రీడలు వెలువడినవి. కథలతోపాటు యుద్ధపద్ధతియు మారుచు వచ్చినది. ఆ మార్పులను వరుసగా పరిశీలించినచో వాని వెనుక ఒకే ప్రశ్న మనకు గోచరించును: పోరులో ఆలోచించుటకు ఆటగానికి ఎంత వ్యవధి ఈయవలెను?

మొదటి క్రీడలో వ్యవధికి కొదవ లేదు. చదరంగమువలె అది వంతుల పోరు. నలుగురు వీరులకును ఆజ్ఞలిచ్చినగాని ఒక్క దెబ్బయైనను పడదు. గంటసేపు యోచించినను శత్రువు వేచియుండును. అయితే ఇద్దరు వీరులను ఒకే శత్రువుపై నియోగింపగా, వాడు మొదటి దెబ్బకే కూలినచో రెండవ దెబ్బ వ్యర్థమగును. కావున ఎదిరి బలమును ముందుగా అంచనా కట్టుటయే అచ్చటి నేర్పు.

1991లో వచ్చిన నాలుగవ క్రీడ ఈ నెమ్మదిని భంగపరచెను. హిరోయుకి ఇతో రూపొందించిన కొత్త పద్ధతిలో ప్రతి యోధునికిని తన వేగమును బట్టి వంతు వచ్చును. ఆటగాడు తడబడినచో శత్రువు ఆగడు. మోటారు పందెములలో బండ్లు వేర్వేరు వేగములతో సాగుట చూచి ఆయనకు ఈ ఊహ తోచినదని చెప్పుదురు.

2001లో పదవ క్రీడ మరల వంతులకే మరలినది. ఎవరి తరువాత ఎవరి వంతో తెరపై ముందే చూపి, ఆటగాడు నిశ్చయించుకొనువరకు కాలమును నిలిపినది. తొలినాటి యంత్రములు బలహీనములు గనుకనే వంతుల పద్ధతి పుట్టినదని కొందరందురు. ప్లేస్టేషన్ 2 వంటి బలమైన యంత్రముపై వచ్చిన క్రీడ దానినే ఎన్నుకొనుట ఆ మాటకు తగిన సమాధానము.

2006 నాటి పండ్రెండవ క్రీడలో ఇతో మరియొక మార్గము త్రొక్కెను. ‘తోటివాని ప్రాణబలము సగమునకు తగ్గినచో చికిత్స చేయుము’ వంటి నిబంధనలను ముందుగా ఏర్పరచినచో వీరులు తమంత తామే పోరాడుదురు. ఆలోచనలో అధికభాగము యుద్ధమునకు ముందే ముగియును.

2023 నాటి పదునారవ క్రీడలో చేతివేగమునకే పట్టాభిషేకము జరిగినది. క్లైవ్ అను కథానాయకుని ఆటగాడు క్షణక్షణము స్వయముగా నడుపవలెను. అయినను ఆ క్రీడలోనే ఒక ఉంగరము కలదు. దానిని ధరించినచో, తప్పించుకొనదగిన దెబ్బ తగులబోవు సమయమున కాలము నెమ్మదించును. తొలి క్రీడ అందరికి సహజముగా ఇచ్చిన వ్యవధి ఇచ్చట ఆభరణ రూపమున తిరిగి వచ్చినది.

చేతివేగము అందరికి సమానము కాదు. వయస్సుతోపాటు తగ్గును కూడ. యుక్తి అట్లు తగ్గనక్కరలేదు. కనుక యుద్ధపద్ధతిని మార్చుట యనగా ఆటలో ఎవరికి చోటు ఈయవలెనో నిర్ణయించుటయే. నూతనత్వమును బట్టి గాక, ఆలోచించువానికి ఎంత చోటు విడిచినదను దానిని బట్టి పద్ధతులను తూచుట న్యాయమని మా అభిప్రాయము.