‘ఓటు వేయు’: ఒక క్రియాపద చరిత్ర

ఎన్నికల వేళ తార్నాక చౌరస్తాలో ‘ఓటు వేయండి’ అన్న పిలుపు వినని రోజుండదు. ఆంగ్లంలో ‘వోట్’ నామమూ అవుతుంది, క్రియా అవుతుంది. తెలుగు దానిని నామంగా మాత్రమే గ్రహించి, పనిని ‘వేయు’కు అప్పగించింది. (ఓటికుండలోని దేశ్యపదానికి దీనితో సంబంధం లేదు.)

ఆంగ్లపదానికి మూలం లాటిన్ ‘వోటుమ్’. దైవానికి మొక్కుకున్న మొక్కు, మనసులోని కోరిక అని దాని అర్థాలు. అక్కడ మొక్కు క్రమంగా హక్కు అయింది; మన ‘మొక్కుబడి’ మాత్రం పేరుకు చేసే పనిగా దిగజారింది. ‘ఎన్నిక’ దారి వేరు. ‘ఎన్ను’ అంటే లెక్కించు, తలచు. 1918లో ఉర్దూ మాధ్యమంతో ఆరంభమైన ఉస్మానియా ప్రాంగణంలో చెల్లిన మాట ‘ఇంతిఖాబ్’. అరబ్బీ మూలమైన ఆ మాటకూ, లాటిన్ మూలమైన ‘ఎలెక్ట్’కూ ఏరుకొనడమే అర్థం. లెక్కను పట్టుకున్న తెలుగు మాటకు ఆంగ్లంలో దగ్గరి చుట్టం ‘పోల్’. దాని తొలి అర్థం తల. తలలు లెక్కించడం తరువాతిది.

ఇక ‘వేయు’. ఇది ఆంగ్లంలోని ‘కాస్ట్’కు అనువాదమని తోచవచ్చు. కాని ప్రశ్న వేయు, పందెం వేయు, శిక్ష వేయు వంటి ప్రయోగాలున్న భాషకు ఆ అప్పు తప్పనిసరి కాదు. పైగా 1951-52 సార్వత్రిక ఎన్నికల్లో ఈ క్రియ అక్షరాలా నిజమైంది. అప్పుడు ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె. పెట్టెపై గుర్తు ఉండేది, చీటీపై ఏ ముద్రా వేయనక్కరలేదు. నచ్చిన పెట్టెలో చీటీ వేయడమే ఓటు వేయడం. హైదరాబాదు రాష్ట్ర ఓటర్లు కూడా తమ తొలి సార్వత్రిక ఎన్నికలో చేసిన పని అదే.

అందరు అభ్యర్థుల పేర్లూ ఒకే కాగితంపై ముద్రించి, గుర్తుపై ముద్ర వేయించే పద్ధతి వచ్చాక వాడుకలో ‘ఓటు గుద్దు’ పుట్టింది. 2004 లోక్‌సభ ఎన్నికల్లో అన్ని నియోజకవర్గాలకూ యంత్రాలు వచ్చాయి. ‘నొక్కు’ ప్రచారంలోకి వచ్చింది. అయితే గుద్దినది ఓటునే, నొక్కేది మీటను. ఆ క్రియ ‘ఓటు’తో నేరుగా అతకలేదు. పెట్టె పోయినా ‘వేయు’ నిలిచింది.

2019 నుంచి లోక్‌సభ ఎన్నికల్లో ప్రతి పోలింగు కేంద్రంలోనూ, మీట నొక్కగానే ఒక చీటీ ఏడు సెకన్లు అద్దం వెనుక కనిపించి కింది పెట్టెలో పడుతున్నది. దానిని వేసేది మాత్రం ఓటరు చేయి కాదు.