డాక్టోరల్ కన్సార్షియం

విద్వత్ సంఘాల్లోని ప్రత్యేక ఆసక్తి బృందాలు పీహెచ్‌డీ విద్యార్థుల కోసం నిర్వహించే పరిశోధన సమీక్షా సదస్సు. కంప్యూటర్ శాస్త్రంలో ఇది బాగా స్థిరపడింది. 1947లో అమెరికాలో ఏర్పడిన అసోసియేషన్ ఫర్ కంప్యూటింగ్ మెషినరీ (ఏసీఎం)లో ఒక్కో పరిశోధన రంగానికి ఒక్కో బృందం ఉంది. మానవ-కంప్యూటర్ సంబంధాలను అధ్యయనం చేసే ‘సిగ్‌కై’ 1982లో మొదలైంది.

విధానం: విద్యార్థి తన పరిశోధన సారాంశాన్ని పంపాలి, చాలాచోట్ల పర్యవేక్షకుడి లేఖ కూడా జతచేయాలి. ఎంపికైన కొద్దిమంది సాధారణంగా ప్రధాన సదస్సుకు ముందు సమావేశమవుతారు. సిద్ధాంత వ్యాసం ఇంకా పూర్తికాని దశలోనే ఇతర విశ్వవిద్యాలయాల అనుభవజ్ఞులు పరిశోధన ప్రశ్నను, పద్ధతిని విమర్శనాత్మకంగా పరిశీలిస్తారు. లోపాలను సరిదిద్దుకోవడానికి అప్పటికి వ్యవధి ఉండటమే దీని ప్రధాన ప్రయోజనం. సాటి పరిశోధకులతో పరిచయాలు అదనపు లాభం.

ఇతర సహాయాలు: తక్కువ సభ్యత్వ రుసుము, ప్రయాణ గ్రాంట్లు, మార్గదర్శక కార్యక్రమాలు, పురస్కారాలు. ప్రోగ్రామింగ్ భాషల బృందం ‘సిగ్‌ప్లాన్’ దీర్ఘకాలిక మార్గదర్శకులను సమకూరుస్తుంది. డేటాబేస్ రంగ బృందం ‘సిగ్‌మాడ్’ 1998 ట్యూరింగ్ అవార్డు గ్రహీత జిమ్ గ్రే పేరిట ఉత్తమ పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసానికి పురస్కారం ఇస్తుంది.