తిలిస్మాల నేల: హైదరాబాదు కథల్లో మాయవస్తువుల చరిత్ర

రోల్‌ప్లేయింగ్ గేమ్ కోసం ఒక మాయ ఉంగరాన్ని కల్పించేవారు దాని శక్తి ఏమిటో రాసుకుని ఊరుకోరు. దాన్ని ఎవరు చేశారు, ఎవరి చేతిలో పనిచేస్తుంది, ఎక్కడ పనిచేయదు, చివరికి ఎలా నశిస్తుంది అన్నవన్నీ ముందే తేలాలి. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అమెరికాలో ‘డన్జన్స్ అండ్ డ్రాగన్స్’ తెచ్చాక ఈ పనికి పట్టికలూ పాచికలూ తోడయ్యాయి. పని మాత్రం చాలా పాతది. తెలుగు కావ్యాల్లో, గోల్కొండ దక్కనీ మస్నవీల్లో (కథాకావ్యాల్లో), బుర్రకథల్లో, సినిమాల్లో మాయవస్తువులు చేసినవాళ్లు ఇవే ప్రశ్నలకు జవాబులు వెతికారు. వారి జాడల్లో కొన్ని ఖైరతాబాద్, పంజగుట్ట, అమీర్‌పేట పరిసరాల్లోనే ఉన్నాయి.

తెలుగు ప్రబంధాల్లో అందరికీ గుర్తుండే మాయవస్తువు ‘మనుచరిత్ర’లోని పాదలేపం. సిద్ధుడు ఇచ్చిన పసరు కాళ్లకు పూసుకుని ప్రవరుడు అరుణాస్పదపురం నుంచి హిమాలయానికి ఎగిరిపోతాడు. అక్కడి మంచునీటికి ఆ పసరు కరిగిపోతుంది, తిరిగివచ్చే దారి మూసుకుపోతుంది. వరూధిని ఎదురుపడడం, ఆ తర్వాతి కథంతా ఆ కరిగిపోవడం నుంచే పుట్టింది. మార్కండేయ పురాణం నుంచి తెచ్చుకున్న ఈ కథను పెద్దన 16వ శతాబ్దంలో కావ్యంగా పెంచాడు. అదే శతాబ్దంలో పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’లో ఇంకా సాహసం చేశాడు. ఏ పురాణంలోనూ లేని లోకాన్ని పాత్రలతో, శాపాలతో, పూర్వజన్మలతో సొంతంగా కట్టుకున్నాడు. అందులో ఒక మణిహారం ఉంది. దాని నడిమి మణి రొమ్ముకు తగిలి ఉన్నంతసేపు పసిబిడ్డ మధురలాలసకు పూర్వజన్మ గుర్తుంటుంది, పెద్దవాళ్లలా మాట్లాడుతుంది. మణి పక్కకు జరిగితే మళ్లీ మామూలు పసిపాపే. కథలోని పాత ముడులన్నీ విప్పే పనిని సూరన ఒక నగకు అప్పగించాడు. వస్తువు స్వభావాన్ని ఇంత కచ్చితంగా నిర్ణయించి, దాని మీదే కథ నడిపిన రచన తెలుగులో అంతకుముందు దొరకడం కష్టం.

ఖైరతాబాద్ పుట్టినది ఆ తర్వాతి శతాబ్దంలో. సుల్తాన్ మహమ్మద్ కుతుబ్‌షా కూతురు ఖైరున్నీసా బేగం పేరు మీద ఈ ప్రాంతానికి ఆ పేరు వచ్చింది. ఆమె తన గురువు అఖుంద్ ముల్లా అబ్దుల్ మలిక్ కోసం కట్టించిన మసీదు 1626 నాటిది. దాదాపు అదే సమయంలో, 1625 ప్రాంతంలో, గోల్కొండ కవి గవ్వాసీ ‘సైఫుల్ ములూక్ వ బదీవుల్ జమాల్’ అనే దక్కనీ మస్నవీ రాశాడు. కథ అరేబియన్ రాత్రులలోనిది. ఈజిప్టు రాజుకు సులేమాన్ పంపిన కానుకల్లోని వస్త్రంలో ఒక పరీ రాకుమారి బొమ్మ ఉంటుంది. రాజకుమారుడు ఆ బొమ్మను ప్రేమించి దేశాలు పట్టి పోతాడు. దారిలో ఒక జిన్ను ఎదురవుతాడు. వాడి ప్రాణం వాడి ఒంట్లో ఉండదు. సముద్రం దగ్గర, పెట్టెలో పెట్టె, ఆ పెట్టెలో ఇంకో పెట్టె, వాటి నడుమ ఒక పిచుకలో దాగి ఉంటుంది. సులేమాన్ ఉంగరం చేతిలో ఉన్నవాడికే ఆ పెట్టె పైకి వస్తుంది. తాళం ఒక వస్తువు, తాళంచెవి ఇంకో వస్తువు. రెండూ కథలో వేర్వేరు చోట్ల దొరుకుతాయి.

గవ్వాసీకి ముందే 1609లో ముల్లా వజహీ ‘కుతుబ్ ముష్తరీ’ రాశాడు. అందులో నాయకుడు అప్పటికి బతికి ఉన్న రాజు మహమ్మద్ కులీ కుతుబ్‌షాయే. కలలో చూసిన సుందరి కోసం బయలుదేరిన అతనికి దారిలో కొండచిలువలూ రాక్షసులూ ఎదురవుతాయి. పన్నెండు రోజుల్లో ఈ మస్నవీ పూర్తిచేశానని వజహీ చెప్పుకున్నాడు. పాలిస్తున్న రాజునే జానపద వీరుడిగా మార్చి, అతని నగరానికే ఒక పురాణం అల్లడం చిన్న సాహసం కాదు.

ఇవి చదువుకునే కథలు. చెప్పుకునే కథలు వేరే ఉన్నాయి. పర్షియా నుంచి వచ్చిన కిస్సాఖాన్‌లు, అంటే వృత్తిగా కథలు చెప్పేవాళ్లు, దక్కన్ దర్బారుల్లో ఆదరణ పొందారు. అమీర్ హమ్జా అనే వీరుడి కథకు సంబంధించిన ‘జుబ్దతుర్ రుమూజ్’ అనే పర్షియన్ గ్రంథాన్ని హాజీ కిస్సాఖాన్ హమదానీ 17వ శతాబ్దంలో గోల్కొండ దర్బారు నీడలోనే కూర్చాడు. హమ్జా అనుచరుడు అమర్ అయ్యార్ దగ్గర ఒక జంబీల్ ఉంటుంది. అది చిన్న సంచే, కానీ అందులో ఊళ్లకు ఊళ్లు పడతాయి. కప్పుకుంటే కనబడకుండా చేసే కంబళీ, ఎంత బరువైనా మోసే వలా అతని దగ్గరే ఉంటాయి. ఇవి మహాత్ములు ఇచ్చిన కానుకలు, అందుకే మాంత్రికులు వాటిని వశం చేసుకోలేరు. మంచివాడి వస్తువు ఎక్కడి నుంచి వచ్చిందో, చెడ్డవాడి వస్తువు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడంతోనే గెలుపోటముల లెక్క సగం తేలిపోతుంది.

ఈ సంప్రదాయంలో అన్నిటికన్నా విస్తారమైన కల్పన తిలిస్మ్. అది మాంత్రికుడు కట్టిన ఒక మాయాదేశం. అందులో నదులూ కోటలూ ప్రజలూ అన్నీ ఉంటాయి. బయటివాడు లోపలికి పోగలడు, బయటకు రాలేడు. ప్రతి తిలిస్మ్‌నూ కట్టినప్పుడే దాన్ని బద్దలుకొట్టేవాడి పేరు నిర్ణయమై ఉంటుంది, ఎలా బద్దలుకొట్టాలో చెప్పే పలక ఒకటి ఎక్కడో దాచి ఉంటుంది. ఆ పలకను లౌహ్ అంటారు. అది దొరికినవాడు ప్రతి మలుపులోనూ దాన్ని చూసుకుని, అందులో రాసినట్టే చేయాలి. తప్పితే తానే చిక్కుకుపోతాడు. లక్నోలో ముహమ్మద్ హుసేన్ జాహ్, అహ్మద్ హుసేన్ కమర్ రాసిన ‘తిలిస్మే హోష్‌రుబా’ 1883 నుంచి నవల్ కిశోర్ ముద్రణాలయం నుంచి సంపుటాలుగా వెలువడి ఉర్దూ చదివే ఊళ్లన్నిటికీ చేరింది. ఇప్పటి గేమ్ రచయితలు ఒక కోటనో గుహనో గీసి, దాని తాళంచెవులు ఎక్కడ దాచాలో ఆలోచించే తీరుకు ఇంతకంటే దగ్గరి పాత నమూనా లేదు.

దక్కనీ గ్రంథాలు 19వ శతాబ్దంలో చాలావరకు మరుగున పడ్డాయి. వాటిని మళ్లీ వెలికితీసిన వారిలో ముఖ్యుడు డాక్టర్ సయ్యద్ మొహియుద్దీన్ ఖాద్రీ ‘జోర్’. ఆయన 1931లో ఇదారే అదబియాతే ఉర్దూను స్థాపించాడు. 1938 నుంచి ‘సబ్‌రస్’ పత్రిక నడిచింది. ఆ పేరు వజహీ 1635లో రాసిన గద్యగ్రంథానిది. 1940లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కవితల సంపుటిని జోర్ పరిష్కరించి ప్రచురించాడు. సంస్థకు పంజగుట్టలో ఐవానే ఉర్దూ అనే సొంత భవనం ఉంది. చేతిరాత ప్రతులు, పాత పత్రాలు, వస్తువులు అందులో భద్రపరిచారు. రాజవంశం పోయి, దర్బారు పోయి, కథ చెప్పేవాడూ లేనప్పుడు ఒక లోకపు పురాణం మిగిలేది ఇటువంటి చోటనే. జోర్ చేసిన పనికి తెలుగు పాఠకుల్లో రావలసినంత పేరు రాలేదు.

ప్రాణాన్ని దేహం బయట దాచే ఊహ తెలుగు పల్లెల్లో బాలనాగమ్మ కథలోనూ నడిచింది. మాయల ఫకీరు అనే మాంత్రికుడు బాలనాగమ్మను కుక్కగా మార్చి ఎత్తుకుపోతాడు. వెతుకుతూ వచ్చిన భర్త కార్యవర్థిరాజు రాయైపోతాడు. కొడుకు బాలవర్థిరాజు పెరిగి పెద్దవాడై ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల ఒక చిలకలో ఉందని తెలుసుకుని, ఆ చిలకను చంపి తల్లిదండ్రులను విడిపిస్తాడు. గవ్వాసీ మస్నవీలోని జిన్నుకూ ఈ ఫకీరుకూ చుట్టరికం స్పష్టంగా కనిపిస్తుంది. ఎవరు ఎవరి నుంచి తీసుకున్నారో తేల్చనక్కరలేదు. రెండు భాషలూ ఒకే నేల మీద పక్కపక్కనే బతికాయి.

ఈ కథ చాలా దూరం ప్రయాణించింది. 1868లో మేరీ ఫ్రేర్ లండన్‌లో ‘ఓల్డ్ దక్కన్ డేస్’ ప్రచురించింది. తన ఇంట పనిచేసే ఆయా అన్నా లిబరేటా డిసౌజా నోట విన్న కథలివి. అందులో ‘పంచ్‌కిన్’ అనే కథలో నాయిక పేరు బాల్నా. ఆమెను చెరపట్టిన మాంత్రికుడి ప్రాణం అడవిలో తాటిచెట్ల నడుమ, ఒకదానిపై ఒకటి పేర్చిన ఆరు నీటికుండల కింద, పంజరంలోని పచ్చ చిలకలో ఉంటుంది. చిలక రెక్క విరిస్తే వాడి చెయ్యి ఊడిపోతుంది. బాలనాగమ్మ కథను ఎరిగినవారు ఒక్క పేజీ చదివితే చాలు, గుర్తుపడతారు. జేమ్స్ ఫ్రేజర్ ‘ది గోల్డెన్ బౌ’లో దేహం బయట ప్రాణం దాచే కథలను చర్చిస్తూ ఈ పంచ్‌కిన్‌ను ఉదాహరించాడు. ఆ గ్రంథం ద్వారా ఈ ఊహ పాశ్చాత్య రచయితలకు సుపరిచితమైంది. డన్జన్స్ అండ్ డ్రాగన్స్‌లో తన ప్రాణాన్ని ఒక పేటికలో దాచుకుని చావును తప్పించుకునే లిచ్ అనే మాంత్రికుడిదీ ఇదే స్వభావం.

20వ శతాబ్దం తొలినాళ్లలో మధిర సుబ్బన్న దీక్షితులు ‘కాశీమజిలీ కథలు’ రాశారు. మణిసిద్ధుడనే యతి, గోపుడనే పశులకాపరి కాశీకి నడిచిపోతుంటారు. ప్రతి మజిలీలో గోపుడు ఏదో ఒక వింత చూసి దాని కథ అడుగుతాడు. గురువు తన దగ్గరి మణి ప్రభావంతో దాని పూర్వకథ తెలుసుకుని చెబుతాడు. ఊరు బయట పడి ఉన్న ఏ రాయి కనబడినా దాని వెనక ఒక కథ ఉండి తీరాలి. ఎన్ని సంపుటాలైనా సాగగల చట్రమిది, పన్నెండు సంపుటాలు సాగింది కూడా. సినిమావాళ్లకు ఇది తరగని గని అయింది.

1942లో జెమిని సంస్థ సి. పుల్లయ్య దర్శకత్వంలో ‘బాలనాగమ్మ’ తీసింది. కాంచనమాల నాయిక, గోవిందరాజుల సుబ్బారావు మాయల మరాఠీ, అంటే ఆ మాయల ఫకీరే. 1949లో ‘కీలుగుర్రం’, 1951 మార్చి 15న విజయా వారి ‘పాతాళభైరవి’ వచ్చాయి. ‘పాతాళభైరవి’కి కె.వి. రెడ్డి దర్శకుడు, పింగళి నాగేంద్రరావు రచయిత. కాశీమజిలీ కథకు అల్లావుద్దీన్ దీపపు ఛాయ కలిపి వారు చేసిన భైరవి బొమ్మకు షరతు చాలా కఠినం. మహావీరుడిని బలి ఇచ్చినవాడికే ఆమె వశమవుతుంది. నేపాళ మాంత్రికుడు తోటరాముణ్ణి అందుకే వెతికి తెచ్చుకుంటాడు, చివరికి తానే బలి అవుతాడు. ఆ తర్వాత బొమ్మకు మంచిచెడ్డలు లేవు, ఎవరి చేతిలో ఉంటే వారి మాటే వింటుంది. అందుకే అది దొంగల పాలు కాగానే కథ తల్లకిందులవుతుంది.

1957 నాటి ‘మాయాబజార్’లో ఇదే జంట ఇంకా ధైర్యం చేసింది. వ్యాసభారతంలో శశిరేఖా పరిణయమే లేదు. ఆ ఖాళీలో పింగళి రెండు వస్తువులు సృష్టించారు. ప్రియదర్శిని పేటికలోకి చూసినవారికి తమకు అన్నిటికన్నా ప్రియమైనది కనబడుతుంది. సత్యపీఠం మీద నిలబడ్డవారు మనసులోని నిజం కక్కేస్తారు. మొదటిది కథ ఆరంభంలో ప్రతి పాత్ర స్వభావాన్నీ ఒక్క చూపులో పరిచయం చేస్తుంది, రెండోది చివర్లో శకుని కుట్రను అతని నోటే బయటపెడుతుంది. వీటిలో యుద్ధానికి పనికివచ్చేది ఒక్కటీ లేదు. మనుషుల లోపలిని బయటికి తెచ్చే వస్తువులను ఇంత తెలివిగా కల్పించిన సినిమా తెలుగులో మళ్లీ రాలేదు. పురాణంలోని పాత్రల నడుమ కూర్చున్న ఈ రెండింటినీ ఇవాళ చాలామంది భారతంలోనివే అనుకుంటారు.

విజయా సంస్థ అధిపతులు నాగిరెడ్డి, చక్రపాణి 1947 జూలైలో మొదలుపెట్టిన ‘చందమామ’లో ఈ కల్పన నెలనెలా సాగింది. దాసరి సుబ్రహ్మణ్యం రాసిన ‘తోకచుక్క’, ‘మకరదేవత’, ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసిలోయ’ వంటి ధారావాహికలకు పురాణాల ఆధారం లేదు. దీవులు, గుహలు, మాంత్రికులు, వింత వాహనాలు అన్నీ సొంతం. చిత్రకారుడు ‘చిత్ర’ గీసిన బొమ్మలు ఆ లోకాలకు రూపమిచ్చాయి. నెల గడిచేదాకా పిల్లలు ఎదురుచూసేలా ఒక మాయవస్తువు దొరికిన చోటో పోయిన చోటో సంచిక ఆపడం దాసరికి బాగా తెలుసు.

అమీర్‌పేటలో సారథి స్టూడియోస్ 1950ల చివర్లో వెలిసింది. 1959 నాటి ‘మా ఇంటి మహాలక్ష్మి’ అక్కడ తీసిన తొలి చిత్రం. అయితే జానపద చిత్రాల బలగం మద్రాసులోనే ఉండిపోయింది, దర్శకుడు విఠలాచార్య మాయలు కూడా అక్కడే జరిగాయి. చిత్రసీమ హైదరాబాదుకు తరలేసరికి ఆ జానర్ వెనకబడింది. 1990లో ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ ఒక ఉంగరంతో మళ్లీ ఊపిరి పోసింది. భూమి మీద ఉంగరం పోగొట్టుకున్న ఇంద్రజ అది లేకుండా స్వర్గంలోకి అడుగుపెట్టలేదు. మొత్తం సినిమా ఆ ఒక్క ఆంక్ష మీద నిలబడింది.

కంప్యూటర్ ఆటలకు ఈ పని ఇటీవల చేరింది. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల శిక్షణ సంస్థల్లో ప్రోగ్రామింగ్‌తోపాటు మల్టీమీడియా, యానిమేషన్ కోర్సులు కూడా చాలామంది నేర్చుకున్నారు. 2017లో హైదరాబాదుకు చెందిన ఓగర్ హెడ్ స్టూడియో ‘అసుర’ అనే గేమ్‌ను విడుదల చేసింది. భారతీయ పురాణాల ఛాయలో కట్టిన లోకంలో ఆటగాడు దేవతల పక్షాన కాక అసురుడిగా ప్రతీకారానికి బయలుదేరతాడు. ఆడిన ప్రతిసారీ దారులు మారతాయి, వీరుడు నేర్చుకునే శక్తుల అమరిక కూడా మారుతుంది. తిలిస్మ్ కథల్లో లౌహ్ చూసి నడిచేవాడికి దారి ముందే రాసి ఉంటుంది. ఇక్కడ కంప్యూటర్ ప్రతి ఆటకూ కొత్త దారి రాస్తుంది, ఏ శక్తి ఎంతవరకు పనిచేయాలన్న షరతులు మాత్రం దాన్ని తయారుచేసినవారు ముందే కూర్చుని నిర్ణయించినవే.