ఈ-మెయిల్ తెరిచినందుకు రూ.12 కోట్లు!

హైదరాబాద్‌లోని ఏపీ మహేశ్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు సర్వర్‌లోకి 2022 జనవరిలో చొరబడిన సైబర్ నేరగాళ్లు రూ.12 కోట్లకు పైగా కాజేశారు. అంతకుముందు వారు పంపిన మోసపూరిత ఈ-మెయిళ్లను సిబ్బంది తెరవడమే ఇందుకు దారితీసిందని పోలీసుల దర్యాప్తులో తేలింది. సర్వర్‌పై పూర్తి అధికారం గల ఖాతాలు పది వరకు ఉండటం, వాటిలో కొన్నింటికి ఒకే పాస్‌వర్డ్ వాడటం నేరగాళ్లకు కలిసొచ్చింది. నష్టం అంతటితో ఆగలేదు. భద్రతా లోపాలకుగాను రిజర్వు బ్యాంకు 2023లో రూ.65 లక్షల జరిమానా విధించింది.

సొమ్ము భద్రంగా ఉండి ఖాతాదారుల వివరాలు మాత్రమే బయటకు పొక్కినా దండన విధించేందుకు వీలు కల్పించే చట్టం వచ్చింది. తగిన జాగ్రత్తలు తీసుకోని సంస్థలకు రూ.250 కోట్ల వరకు జరిమానాను 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం నిర్దేశించింది. దాడిని గుర్తించిన 6 గంటల్లో కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలన్న నిబంధన 2022లోనే వచ్చింది.

ఉద్యోగికొక పాస్‌వర్డ్, మానేసినవారి ఖాతా అదేరోజు రద్దు.. వీటికి పైసా ఖర్చు లేదు. అయినా కొన్ని దుకాణాల్లో పాస్‌వర్డ్ కంప్యూటర్‌కే అంటించి కనిపిస్తుంది.