నీరంటని పొరలో నీటి చిక్కుముడి

ఉదజనిని ఆమ్లజనితో కలిపి, మంట లేకుండ విద్యుత్తును పుట్టించు సాధనమునకు ఇంధన ఘటమని పేరు. 1839లో వేల్స్ దేశీయుడగు విలియం గ్రోవ్ ప్లాటినం రేకులను సజల గంధకికామ్లములో ముంచి దీనికి నాంది పలికెను. ఒక శతాబ్దము గడచిన పిమ్మట, 1955 ప్రాంతమున, అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో థామస్ గ్రబ్ ద్రవామ్లమునకు మారుగా ప్లాస్టిక్ పొరను వాడెను. ఇందు ఆమ్ల సమూహములు పొరకే అంటియుండును. ప్రోటానులు మాత్రము కదలును.

అయితే ప్రోటాను కదలుటకు నీరు కావలెను. పొర ఎండినచో విద్యుత్తు సన్నగిల్లును. నీరు మితిమీరినచో ఎలక్ట్రోడు రంధ్రములు నిండి, ఆమ్లజనికి దారి మూసికొనిపోవును.

1965 ఆగస్టులో జెమిని-5 నౌక ఇట్టి ఘటములతోనే దాదాపు ఎనిమిది దినములు భూమిని చుట్టెను. కాని ఆనాటి పాలీస్టైరీన్ జాతి పొరలు క్రమముగా శిథిలమగుచుండెడివి. 1960ల చివర డ్యూపాంట్ కంపెనీలో వాల్టర్ గ్రాట్ రూపొందించిన నాఫియాన్ పొర వానికంటె ఎంతో మన్నికైనది. దాని ప్రధాన శృంఖల నీరంటని టెఫ్లాన్ వంటిది. కొమ్మల చివరనున్న సల్ఫోనిక్ ఆమ్ల సమూహములు నీటిని ఆకర్షించును. అందలి నీరు సుమారు 4 నానోమీటర్ల గుంటలుగా చేరి, సన్నని కాలువలచే కలుపబడియుండునని 1980ల ఆరంభమున గీర్క్ ఒక నమూనాను సూచించెను. నానోమీటరనగా మిల్లీమీటరులో పదిలక్షవ వంతు.

ఇచటనే పాత చిక్కొకటి తలయెత్తినది. సంతృప్తమైన ఆవిరిలో కంటె నీటిలో ముంచినపుడు జెలటిన్ ఎక్కువ నీటిని పీల్చునని 1903లో ష్రోడర్ గమనించెను. ఆవిరియు నీరును సమతాస్థితిలో నున్నపుడు రెంటియందును పొర ఒకే పరిమాణమున నీటిని గ్రహింపవలెను గదా! నాఫియాన్‌లోను ఇట్లే తేడా కనబడినది: ఒక్కొక్క ఆమ్ల సమూహమునకు ఆవిరిలో సుమారు 14 నీటి అణువులు, నీటిలో సుమారు 22.

దీనికి కారణము పొర ముఖముననే కలదని కొందరి వాదము. ఆవిరిలో ఉన్న నాఫియాన్ తామరాకు వలె నీటిబొట్టును అంటనీయదని 1993లో కొలతలు తెలిపెను. ద్రవము తగిలినపుడు ఆమ్ల సమూహములు పైకి తిరుగును. ఉపరితలమున శృంఖలల కట్టలు ఆవిరిలో పొరకు సమాంతరముగాను, నీటిలో లంబముగాను నిలుచునని 2010లో ఎక్స్-కిరణ పరిశోధన చూపినది. అయితే 2007లో ప్రకటితమైన మరియొక పరిశోధన, ఈ వైపరీత్యమునకు పొర అంతకుముందు పొందిన వేడియే మూలమని తేల్చినది. ఒకే రీతిగా సిద్ధపరచిన పొరలలో తేడా కానరాలేదట!

ఈ వివాదము నేర్పు పాఠమొకటి కలదు. కొలత సిద్ధాంతమును ధిక్కరించినట్లు తోచినపుడు, సిద్ధాంతమును త్రోసివేయుటకు ముందు, కొలువబడిన వస్తువు నిజముగా సమతాస్థితిని చేరినదా అని విచారింపవలెను.